కొండ అంటుకున్న కబురు తొందరగానే వస్తుంది

పోయిన మార్చిలో, ఇంటర్నల్స్ జరుగుతున్న వారంలో, రాత్రి పదకొండు దాటాక మా హాస్టల్ టెర్రస్ మీద ఒకడు గట్టిగా అరిచాడు. ఏదో పాము వచ్చిందేమో అనుకుని అందరం పరిగెత్తాం. పాము కాదు. రేణిగుంట నుంచి కరకంబాడి వైపు చూస్తే కనిపించే కొండ మీద సన్నటి ఎర్ర గీత. పైన ఒక వంపు, కింద ఇంకో వంపు. దూరం నుంచి చూస్తే బ్రహ్మోత్సవాలకు సీరియల్ లైట్లు కట్టినట్టే ఉంది. మావాళ్లు ఫోన్లు తీశారు. నేనూ తీశాను. పది నిమిషాల్లో అది మూడు పాటలతో ముప్పై స్టేటస్‌లు అయింది. తర్వాత కిందకి వచ్చి డీబీఎంఎస్ చదువుకున్నాం. పొద్దున లేచేసరికి గీత లేదు, పొగ మాత్రం ఉంది.

అడవి కాలుతుంటే స్టేటస్ పెట్టుకున్నామని మిమ్మల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు, నేనూ పెట్టాను కాబట్టి. ఇన్ని శాటిలైట్లు, ఇన్ని చట్టాలు, ఇన్ని ప్లాన్లు ఉన్నా ఆ గీత ప్రతి ఏడాదీ శివరాత్రి దాటగానే ఎందుకు వస్తోంది అన్నది నన్ను కొన్ని నెలలుగా వదలడం లేదు. దానికి కారణం మా హ్యాకథాన్ ప్రాజెక్టు. ఆ కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. (నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తప్పులుంటే ఎడిటోరియల్ టీమ్‌లో అక్కావాళ్లు సరిచేశారని అనుకోండి.)

మేం నలుగురం కలిసి అడవి మంటలను ఫోటోలో గుర్తుపట్టే మోడల్ ఒకటి తయారు చేశాం. నెట్‌లో ఫ్రీగా దొరికే డేటాసెట్, దానికో న్యూరల్ నెట్‌వర్క్. టెస్ట్ ఫోటోల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రైజ్ కూడా వచ్చింది. ఆ ఫోటోల్లో ఉన్నవన్నీ విదేశాల పైన్ చెట్లు, తాటిచెట్టంత ఎత్తు మంటలు. మన శేషాచలం అలా కాలదు. ఇది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరికి నేల మీద ఎండుటాకు పరుచుకుని ఉంటుంది, మధ్యలో నడుమెత్తు బోద. మంట నేలనే పట్టుకుని, మోకాలెత్తులో పాకుతుంది. పైనుంచి చూస్తే చాలాసార్లు పొగ తప్ప ఏమీ కనిపించదు. మా మోడల్‌కి పొగమంచుకీ దీనికీ తేడా తెలియదని తర్వాత తెలిసింది, కానీ ప్రైజ్ అప్పటికే తీసుకున్నాం.

మా టీమ్‌మేట్ మేనమామ ఎండాకాలంలో అటవీశాఖ దగ్గర ఫైర్ వాచర్‌గా చేస్తాడు. నాలుగు నెలల పని, దినకూలీ. మామండూరు అవతల ఊరు. డెమో చూపిద్దామని ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాం. ఆయన ఓపిగ్గా అంతా చూసి, నవ్వి ఒకే మాట అడిగాడు.

"అగ్గి ఉండేది మాకు తెలుస్తాది లే నాయనా. పొగ కనిపిస్తాది, వాసన వస్తాది. ఆడికి పొయ్యేదెట్లనో చెప్తాదా మీ మిషను?"

చెప్పదు, మామా. దాని గురించి మేం ఆలోచించనే లేదు.

నాకు అర్థమైనంత వరకు మన పాలసీలన్నీ మా ప్రాజెక్టు లాంటివే. మంటను కనిపెట్టడంలో దేశం చాలా ముందుకెళ్లింది. డెహ్రాడూన్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి శాటిలైట్ ఆధారంగా మంటల సమాచారం ఇస్తోంది. మొదట మోడిస్ అనే సెన్సర్, దాని పిక్సెల్ ఒక కిలోమీటరు. ఇప్పుడు విర్స్ కూడా ఉంది, పిక్సెల్ 375 మీటర్లు. రిజిస్టర్ చేసుకున్న ఎవరి ఫోన్‌కైనా ఎస్ఎంఎస్ వస్తుంది. నాసా వాళ్ల ఫర్మ్స్ సైట్‌లో మనమే చూసుకోవచ్చు, శాటిలైట్ చూసిన మూడు గంటల్లోపు డేటా ఉంటుంది. వినడానికి బాగుంది కదా. ఇప్పుడు లెక్క వేద్దాం. 375 మీటర్ల చదరం అంటే దాదాపు 35 ఎకరాలు. ఆ 35 ఎకరాల్లో ఎక్కడో మంట ఉంది అని అర్థం, ఇదిగో ఈ బండ పక్కన అని కాదు. విర్స్ ఉన్న శాటిలైట్లు మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో వెళ్తాయి. సాయంత్రం నాలుగుకి ఎవరో అంటించిన గడ్డిని అవి చూసేది అర్ధరాత్రి దాటాకే. ఈలోపు మంట వాలు ఎక్కేసి ఉంటుంది. పది డిగ్రీల వాలుకి మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఫైర్ ఫైటర్ల లెక్క ఒకటి ఉంది. మన కొండల వాలు ఎంతో శ్రీవారి మెట్టు ఎక్కిన మీ మోకాళ్లకే తెలుసు.

ఆ ఎస్ఎంఎస్ రేంజ్ ఆఫీసుకి, అక్కడి నుంచి బీట్ ఆఫీసర్‌కి, ఆయన నుంచి వాచర్లకి వెళ్తుంది. సిగ్నల్ ఉన్న చోట. అప్పుడు వాళ్లు జీపులో వెళ్లగలిగినంత దూరం వెళ్లి, మిగతాది నడుస్తారు. మామ చెప్పిన ఒక మంట దగ్గరికి పోవడానికి వాళ్లకి మూడు గంటలు పట్టిందట. చేతిలో ఏముంటుంది అని అడిగాను. నీళ్ల బాటిల్, కొడవలి. అక్కడికి వెళ్లాక పచ్చి కొమ్మలు కొట్టి, వాటితో మంటను బాదుతారు. ఈ మధ్య కొన్నిచోట్ల ఆకులు ఊదే బ్లోయర్లు ఇచ్చారు. అవి బాగా పనికొస్తాయి, కాకపోతే పెట్రోలుతో సహా మోసుకుని ఎక్కాలి.

అంటే సమాచారం మూడు గంటల్లో అమెరికా వెళ్లి తిరిగొస్తుంది. మనిషి కొండ ఎక్కడానికి ఇంకో మూడు గంటలు. మనలాంటి వాళ్లం మొదటి మూడు గంటలను రెండు చేయడానికి పేపర్లు పబ్లిష్ చేస్తున్నాం. రెండో మూడు గంటల్ని ఎవరూ ముట్టుకోవడం లేదు, ఎందుకంటే అందులో కోడ్ లేదు. దారులు, కూలీ, చెప్పులు, నీళ్లు ఉన్నాయి.

2014 మార్చిలో ఇక్కడ పెద్ద మంట వచ్చింది. అప్పుడు నేను రెండో తరగతి. తిరుమల కొండల మీద రోజుల తరబడి కాలింది, చివరికి వైమానిక దళం హెలికాప్టర్లు బకెట్లు వేలాడదీసుకుని వచ్చి నీళ్లు పోశాయి. మా వీధి పిల్లలందరికీ పండగ. హెలికాప్టర్ కనిపిస్తే చాలు, చేతులు ఊపేవాళ్లం. ఆ సంఘటన గురించి ఇప్పుడు చదివితే నాకు తట్టేది వేరు. హెలికాప్టర్ వచ్చిందంటే అంతకుముందు జరగాల్సిన చిన్న పనులన్నీ జరగలేదని అర్థం. జనవరిలో ఫైర్ లైన్లు గీయడం, అంటే అడవి మధ్యలో కొన్ని మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి తీసేసి బాటలా చేయడం, ఎవరి ఫోటోలోనూ పడదు. హెలికాప్టర్ పడుతుంది.

ఆ చిన్న పనికి డబ్బు లేదా అంటే, స్కీమ్ ఉంది. 2017లో కేంద్రం పాత పథకాన్ని మార్చి అచ్చంగా అడవి మంటల కోసమే ఒక పథకం పెట్టింది. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. అదే ఏడాది పర్యావరణ శాఖ, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక పెద్ద రిపోర్టు వేశాయి. అందులో ఒక అంకె నాకు బాగా గుర్తుండిపోయింది. 2003 నుంచి 2016 దాకా శాటిలైట్లు చూసిన అడవి మంటల్లో 44 శాతం కేవలం 20 జిల్లాల్లోనే ఉన్నాయట. ఆ 20 జిల్లాలు దేశ భూభాగంలో 3 శాతం. అంటే ఎక్కడ కాలుతుందో తెలుసు. ఎప్పుడు కాలుతుందో తెలుసు, ఫిబ్రవరి నుంచి మే, జూన్ దాకా. ఇంత తెలిసిన సమస్య మన సిలబస్‌లో ఉంటే దాన్ని ఈజీ క్వశ్చన్ అంటాం. కానీ అడవి క్యాలెండర్, ఆర్థిక సంవత్సరం క్యాలెండర్ ఒకటి కాదు. ఫైర్ లైన్ పని డిసెంబరు, జనవరిలో అయిపోవాలి. ప్రభుత్వ డబ్బు ఎప్పుడు కదులుతుందో మనందరికీ మన స్కాలర్‌షిప్‌ల వల్ల తెలుసు. గడ్డి ఎండాక వచ్చిన డబ్బుతో గీసిన ఫైర్ లైన్, ఎగ్జామ్ అయ్యాక వచ్చిన నోట్స్ లాంటిది.

అసలు అంటించేది ఎవరు? మన దేశంలో అడవి మంటల్లో తొంభై శాతానికి పైగా మనుషుల వల్లే అని అధికారిక పత్రాలన్నీ చెబుతాయి. అయితే 'మనుషులు' అనేది ఒక కేటగిరీయే కాదు. మేకల కాపరి కొత్త గడ్డి మొలవడానికి అంటిస్తాడు. ఉత్తరాన తునికాకు ఏరే చోట్ల చిగురు బాగా రావాలని అంటిస్తారు. తేనె తీసేవాళ్లు పొగ పెడతారు. పొలం గట్టు మీద చెత్త తగలబెడితే గాలికి కొండెక్కుతుంది. ఎర్రచందనం దొంగలు సిబ్బందిని పక్కదారి పట్టించడానికి అంటిస్తారని ప్రతి మంటకీ ఒక అనుమానం వస్తుంది. శివరాత్రికి తలకోన, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం, సరిగ్గా అడవి ఎండిపోయే రోజుల్లోనే వేలమంది అడవిలోకి నడుస్తారు, అందులో బీడీ కాల్చేవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ కలిపి ఒకే పాలసీ, 'అడవిలో నిప్పు పెట్టుట నేరము' అనే పసుపు బోర్డు. మేకల కాపరికి ఆ నిప్పు ఒక పనిముట్టు. బీడీ కాల్చేవాడికి అది గుర్తు కూడా లేని విషయం. దొంగకి అది ప్లాన్. ఒక్క ఇఫ్ కండిషన్‌తో మూడు వేరు వేరు బగ్గులు ఫిక్స్ చేయాలనుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ లిస్టులో నేను రాయని ఇంకో రకం ఉంది, ఇంజనీరింగ్ స్టూడెంట్లు. ఫస్ట్ ఇయర్ ఫిబ్రవరిలో మేం ఏడుగురం పర్మిషన్ లేకుండా లోపలికి ట్రెక్‌కి వెళ్లాం. మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరి మ్యాగీ చేసుకున్నాం. బయల్దేరేటప్పుడు తాగడానికి నీళ్లు తక్కువ ఉన్నాయని నిప్పు మీద పోయలేదు, కాళ్లతో మట్టి కప్పి వచ్చేశాం. చుట్టూ ఎండుటాకు. ఏమీ జరగలేదనే అనుకుంటున్నాను. కానీ 'అనుకుంటున్నాను' దగ్గరే ఆగిపోతాను, ఎందుకంటే వెనక్కి వెళ్లి చూసినవాడు లేడు. ఆ వారం ఎక్కడైనా మంట లేచి ఉంటే పేపర్లో 'గుర్తు తెలియని వ్యక్తులు' అని వచ్చేది, అనుమానం మాత్రం పక్క ఊరి కాపరి మీదకి పోయేది. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు అడవి మంటలో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. దాని గురించి చదివిన రోజు నుంచి ఆ మూడు రాళ్లు నాకు కలలోకి వస్తున్నాయి.

మామని ఇంకోటి అడిగాను. ఊళ్లో వాళ్లు వచ్చి ఆర్పరా? ముందు ఆర్పేవాళ్లంట. ఆయన చిన్నప్పుడు కొండ అంటుకుంటే ఊరంతా కొమ్మలు పట్టుకుని పరిగెత్తేదట, ఎందుకంటే గడ్డి వాళ్లది, కట్టె వాళ్లది, చింతపండు వాళ్లది. "ఇప్పుడు పోతే నువ్వెందుకు వచ్చినావు లోపలికి అంటారు. అగ్గి చూసినోడు చెప్పడు. చెప్పినోడే పెట్టినాడంటారు కదా" అన్నాడు. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలంలోనే పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఆ కేసు న్యాయాన్యాయాల్లోకి నేను వెళ్లను, ఆ అర్హత నాకు లేదు. కానీ మామ ఊరివాళ్లు దాని తర్వాత చీకటిపడ్డాక కొండ వైపు నడవడం తగ్గించేశారట, మంట ఉన్నా సరే.

1927 అటవీ చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది. అడవిలో హక్కులున్నవాళ్లు మంట ఆర్పడానికి సాయం చేయాలి, చేయకపోతే నేరం. బ్రిటిష్ వాళ్లకి కూడా ఒక సంగతి తెలుసన్నమాట, హక్కు ఉన్నవాడినే బాధ్యత అడగగలం. తర్వాత హక్కులు సన్నబడుతూ వచ్చాయి, బాధ్యత మాత్రం చట్టంలో మిగిలింది. మన రాష్ట్రంలో 1990ల్లో వన సంరక్షణ సమితులు పెట్టి దీన్ని తిరగరాయాలని చూశారు. అడవిని కాపాడితే ఆదాయంలో వాటా అన్నారు. ప్రాజెక్టు డబ్బు ఉన్నంత కాలం చాలా చోట్ల నడిచాయి. ఇప్పుడు మామ వాళ్ల ఊరి సమితి రంగు వెలిసిన బోర్డు మీద మిగిలింది.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అని ఆదివాసీలున్నారు. వాళ్లు చలి పోకముందే, నేలలో ఇంకా తడి ఉన్నప్పుడే, ఎండుటాకుకి చిన్న నిప్పు పెట్టేవాళ్లు. 'తరగు బెంకి' అంటారు, ఆకు నిప్పు అని. 1970ల్లో అభయారణ్యం అయ్యాక అది నిషేధించారు. తర్వాత లంటానా పొదలు అడవి అడుగంతా కమ్మేశాయి, ఇప్పుడు మంట వస్తే నేల మీద పాకేది కాస్తా చెట్టు ఎత్తుకి లేస్తుంది అని సోలిగలు చెబుతారు, వాళ్లతో పనిచేసిన పరిశోధకులు కూడా అదే రాశారు. అలాగని మనం కూడా వెళ్లి శేషాచలానికి అంటిద్దాం అని నేను అనడం లేదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేదే ఈ చుట్టుపక్కల కొండల్లో. ఏటా మంట వస్తే ముదురు చెట్టు తట్టుకుంటుంది, రెండడుగుల మొక్క తట్టుకోదు. సున్నా మంట అనే టార్గెట్ తప్పు కావచ్చు, ఏటా మంట ఇంకా తప్పు. ఈ రెండిటి మధ్య ఎంత, ఎక్కడ, ఏ నెలలో అనేది ఆ కొండ తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాల్సిన విషయం. 2010లో దీన్ని బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు, 4,755 చదరపు కిలోమీటర్లు. అందులో వైల్డ్‌లైఫ్ వాళ్లది ఒక భాగం, టీటీడీ అటవీ విభాగానిది ఒక భాగం, కోడూరు వైపు ఇంకో డివిజన్. మంటకి ఈ బౌండరీలు తెలియవు.

బయట దేశాల్లో గెలిచారా అంటే, పెద్దగా లేదు. ఇండోనేషియాలో నేల చదును చేయడానికి నిప్పు పెట్టడం నేరమే, అయినా 2015లో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి, నష్టం 16 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. కారణం చాలా సింపుల్. మెషీన్ కంటే అగ్గిపెట్టె చవక. అగ్గిపెట్టెకి బదులు ఏమిస్తావో చెప్పకుండా అగ్గిపెట్టె వద్దని చెప్పే పాలసీ ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. మన కాపరికి కూడా అంతే. మే నెలలో మేకలకి మేత ఎక్కడ అన్నదానికి ఎవరైనా జవాబు చెప్తే, ఫిబ్రవరిలో నిప్పు గురించి మాట్లాడొచ్చు.

నాకు వ్యతిరేకంగా మా ఫ్రెండ్ ఒకడు బాగా వాదించాడు. "నువ్వు కంప్యూటర్ సైన్స్‌రా. కూలీలు, గడ్డి, హక్కులు నీకెందుకు? నీ పని డిటెక్షన్. మిగతాది ప్రభుత్వం చూసుకుంటుంది." న్యాయమైన మాటే. త్వరగా తెలియడం వల్ల లాభమే లేదని నేను అనను. అలర్ట్ వల్ల చిన్నప్పుడే ఆరిన మంటలు ఉంటాయి. అయితే ప్రభుత్వం కూడా సరిగ్గా మనలాగే ఆలోచిస్తోంది అని నా కంప్లయింట్. డ్యాష్‌బోర్డు కొనడం తేలిక, ఓపెనింగ్ చేయొచ్చు. నలభై మంది వాచర్లకి పన్నెండు నెలల జీతం ఇవ్వడానికి రిబ్బన్ కటింగ్ ఉండదు. నాలుగు నెలల ఉద్యోగం ఉన్న మనిషికి ఎనిమిది నెలలు వేరే పని వెతుక్కోవాలి. వచ్చే ఏడాది అతను రాకపోతే కొండ గురించి అతనికి తెలిసినదంతా అతనితోనే పోతుంది. మనం దాన్ని డేటా లాస్ అంటాం, బ్యాకప్ తీసుకోలేదని ఏడుస్తాం.

మినీ ప్రాజెక్టుకి టాపిక్ మార్చాం. ఫర్మ్స్ పాత డేటా తీసుకుని, మామండూరు నుంచి కుక్కలదొడ్డి దాకా ఎక్కడెక్కడ ఎక్కువసార్లు కాలిందో మ్యాప్ మీద పెట్టి, ప్రతి చోటికీ దగ్గరి ఊరి నుంచి కాలినడకన ఎన్ని నిమిషాలు అని లెక్క వేస్తున్నాం. ఎలివేషన్ డేటా ఫ్రీగా దొరుకుతుంది, షార్టెస్ట్ పాత్ మనకి సెకండ్ ఇయర్‌లోనే చెప్పారు. మొదటి వెర్షన్ మామకి చూపిస్తే మా దారుల్లో సగం కొట్టేశాడు. ఒకచోట మేం గీసిన గీత నిలువు బండ మీదుగా పోతోందట. ఇంకోచోట ఊట ఉంది, వాచర్లు అక్కడే నీళ్లు పట్టుకుంటారు, అది ఏ మ్యాప్‌లోనూ లేదు. ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే మావాడు పాయింట్లు కొడుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే, రాగిసంకటి, చెనిగ్గింజల ఊరిబిండి.

రివ్యూలో ఇందులో ఏఐ ఎక్కడుంది అని అడుగుతారని తెలుసు. ఇంకా జవాబు తయారు చేసుకోలేదు. ప్రస్తుతానికి పదకొండు దారులు సరిచేశాం, ఇరవై మూడు మిగిలాయి. జనవరిలోపు అయిపోవాలి, ఆ తర్వాత ఆయనకి ఖాళీ ఉండదు. మాతో రావాలనుకుంటే ఆదివారం పొద్దున ఏడుకి రేణిగుంట బస్టాండ్ దగ్గర ఉంటాం. నీళ్లు ఎక్కువ తెచ్చుకోండి, మ్యాగీ మాత్రం వద్దు.